నాలుక అందని చోట

పిల్లి నాకితే ఉప్పుకాగితంతో రుద్దినట్టుంటుంది. ఆ గరుకుదనమంతా నాలుక మీద గొంతు వైపుకు వంగి ఉండే సన్నని కొక్కేలది. మన గోళ్లలో ఉండే కెరటినే వాటిలోనూ ఉంటుంది. చాలాకాలం వాటిని లోపల గుల్ల లేని గట్టి ముళ్లనుకున్నారు. అమెరికాలోని జార్జియా టెక్‌లో అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు సీటీ స్కాన్‌తో పరిశీలించి 2018లో వెలువరించిన పరిశోధనతో ఆ అభిప్రాయం మారింది. ఒక్కో కొక్కెం కొన గరిటెలా తొలిచి ఉంటుంది. నోట్లోని లాలాజలం ఆ గుంటలోకి దానంతటదే ఎక్కి, నాకినప్పుడు బొచ్చు అడుగుకు చేరుతుంది. పెంపుడు పిల్లి మొదలు పులి, సింహం దాకా ఆరు జాతుల నాలుకల్లో ఇదే ఏర్పాటు కనిపించింది. కొక్కెం పొడవు రెండు మిల్లీమీటర్ల పైచిలుకే. అయినా నాలుక ఒత్తిడికి బొచ్చు అణుగుతుంది కనుక ఆ కాస్త పొడవుతోనే చర్మాన్ని అందుకోగలదు. పర్షియన్ పిల్లి దగ్గర మాత్రం ఈ లెక్క తప్పింది. దాని బొచ్చు ఎంత అణిగినా కొక్కెం కొన చర్మం దాకా పోదు.

పొడవు బొచ్చు పిల్లిని దువ్వడం సింగారం కాదని నేను అనేది ఇందుకే. దాని నాలుక చేయలేక వదిలేసిన సగం పనిని మనం పూర్తిచేస్తున్నాం. ఆ సగం మిగిలిపోవడంలో మనుషుల చెయ్యీ ఉంది. వెంట్రుక కొంతకాలం పెరిగి, ఆగి, రాలిపోతుంది. పెరుగుదల ఇక చాలని చెప్పే సంకేతం ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువు నుంచి వస్తుంది. అది దెబ్బతింటే వెంట్రుక ఎక్కువ కాలం పెరుగుతూనే ఉంటుందని, పిల్లుల్లో పొడవు బొచ్చుకు మూలం ఇదేనని 2007లో తేలింది. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ మారిన జన్యువే వస్తే తప్ప ఆ లక్షణం బయటపడదు. ఆ మార్పు సహజంగా వచ్చిందే. కానీ 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వెయిర్ పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేసిన తర్వాత, అందం కోసం జతకట్టించి పెంచడం ఊపందుకుంది. పర్షియన్‌లో బొచ్చు పొడవుతో పాటు అడుగున ఉండే దూదిలాంటి నూగు కూడా దట్టమైంది. నాలుక మాత్రం పూర్వీకుల నాలుకే.

పిల్లి శుభ్రమైన జంతువు, తనను తాను చూసుకుంటుంది, మధ్యలో మనమెందుకు అని అడిగేవాళ్లున్నారు. పొట్టి బొచ్చు పిల్లి విషయంలో ఆ మాట చాలావరకు నిజం. నార్వే అడవుల పిల్లికి కూడా పొడవు బొచ్చే కదా అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. దానికి పైపొర వెంట్రుకలు నున్నగా, జారిపోయేట్టు ఉంటాయి కాబట్టి చిక్కుపడడం తక్కువ. పర్షియన్‌లో రాలిన నూగు కిందికి జారదు, బతికున్న వెంట్రుకల మధ్యే ఇరుక్కుంటుంది. వెంట్రుక పైపొలుసులన్నీ కొస వైపుకు తిరిగి ఉంటాయి. రాపిడి తగిలిన ప్రతిసారీ వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. గొర్రె ఉన్ని కంబళిగా గట్టిపడేది కూడా ఇలాగే. అందుకే చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో, మెడపట్టీ కింద ముందుగా జడలు కడతాయి. జడ చర్మానికి దగ్గరగా బిగిస్తే అడుగు వేసినప్పుడల్లా తోలు లాగుతుంది, కింద చెమ్మ చేరి పుండు పడుతుంది.

ఎండాకాలం వస్తే బొచ్చంతా గొరిగించేస్తే సరి అనే వాదన హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో తరచూ వినిపిస్తుంది. ఉద్దేశం మంచిదే. అయితే పిల్లికి చెమట పట్టేది ప్రధానంగా పాదాల్లోనే. ఒంటికి పూసుకున్న లాలాజలం ఆరుతూ వేడిని తీసుకుపోవడం దానికి పెద్ద ఆసరా. చిక్కు లేని బొచ్చులోకి తడీ గాలీ వెళ్తాయి, జడకట్టిన బొచ్చులోకి వెళ్లవు. గొరిగిన తోలుకు నేరుగా ఎండ తగులుతుంది, బొచ్చు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. కాబట్టి రోహిణీ కార్తెలో కూడా ముందు అడగవలసింది కత్తెర కాదు, దువ్వెన. ఒళ్లంతా అట్టకట్టిపోయినప్పుడు మాత్రం పశువైద్యుడి దగ్గర గొరిగించడమే దయ.

పిల్లి దువ్వనివ్వదంటారు. నిజమే, చాలా పిల్లులు ఎదురుతిరుగుతాయి. వాటికి పడనిది దువ్వెన కాదు, కుదుళ్ల దగ్గర లాగడం. మన ఇళ్లలో అమ్మలకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. కుదుళ్ల పక్కన జుట్టును వేళ్లతో బిగించి పట్టుకుని, కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి వస్తారు. పిల్లికీ అంతే. గుండ్రటి కొనల పళ్లున్న స్టీలు దువ్వెన, ముందు వెడల్పు పళ్లది, తర్వాత సన్న పళ్లది వాడాలి. పైపైన బ్రష్ ఆడిస్తే పైపొర మెరుస్తుంది, అడుగున జడ అలాగే ఉంటుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. బొచ్చును పాపిడి తీసినట్టు విడదీసి, చర్మం సన్నని గీతలా కనిపించాక, ఒక్కో పొరనూ దువ్వుకుంటూ రావాలి. నాలుగైదు నిమిషాలు చాలు. తోక విదిలించినా, చెవులు వెనక్కి వాల్చినా ఆపేసి రేపు చూసుకోవచ్చు. నిన్నటిదాకా ఊరుకున్న పిల్లి ఒకే చోట తాకితే ఉలిక్కిపడుతుంటే అక్కడ నొప్పి ఉందేమో చూడాలి. ముసలితనంలో కీళ్ల నొప్పులతో నడుం వెనక్కి తిరగలేక, పొట్టి బొచ్చు పిల్లులకూ తోక మొదట్లో జడలు కడతాయి.

గట్టిపడ్డ జడను కత్తెరతో కత్తిరించబోవడం ఇళ్లలో జరిగే అసలు ప్రమాదం. పిల్లి చర్మం పలచన, వదులు కూడా. జడను పైకి లాగితే తోలు గుడారంలా దానితో పాటు లేస్తుంది, కంటికి బొచ్చే కనిపిస్తుంది, కత్తెర తోలులో దిగుతుంది. కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, అంచు నుంచి వేళ్లతో పాయలు పాయలుగా విడదీయాలి. విడకపోతే వైద్యుడి మెషీన్‌కు వదిలేయాలి. చిక్కు తీయకుండా స్నానం పోస్తే తడికి జడ ఇంకా బిగుస్తుంది, కాబట్టి నీళ్లు ఎప్పుడూ దువ్వెన తర్వాతే. పని అయిందో లేదో పిల్లి వీపు చూసి తేల్చుకోకూడదు. ముందుకాలు కొంచెం ఎత్తి, చంకలో సన్న పళ్ల దువ్వెనను చర్మం దగ్గర ఆనించి కొసదాకా లాగితే, అది ఎక్కడా తట్టుకోకుండా బయటికి రావాలి.