అర్జీ ఏ భాషలో? సరిహద్దు జిల్లా విద్యార్థికి హక్కులు, అప్పీలు మెట్లు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లగా, బళ్లారితో సహా తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. సరిహద్దు మారింది గాని ఇళ్లలో మాట మారలేదు. ఆ తెలుగు ఇళ్ల పిల్లలు, అవతలి వైపునుంచి వచ్చే పిల్లలు నేడు విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ దాని అనుబంధ కళాశాలల్లోనూ చదువుతున్నారు. 2010లో గుల్బర్గా విశ్వవిద్యాలయం నుంచి విడివడి ఏర్పడిన విశ్వవిద్యాలయమిది.

ఈ విద్యార్థులకు ఫలితం ఆగినా, ఉపకారవేతనం రాకపోయినా, సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వకపోయినా చాలామంది అర్జీ పెట్టకుండానే ఊరుకోవడం మేము గమనిస్తున్నాం. హక్కు లేక కాదు. ఎవరికి రాయాలి, ఎన్నాళ్లలో రాయాలి, ఏ భాషలో రాయాలి అన్న మూడు సందేహాలు వారిని ఆపుతున్నాయి. ఈ మూడింటినీ వరుసగా వివరించదలచుకున్నాం.

ఏవి ఫిర్యాదులు?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యూజీసీ, విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి 2023 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం ప్రవేశాల్లో అక్రమాలు, ప్రకటించిన దానికన్నా ఎక్కువ ఫీజు అడగడం, ఇవ్వవలసిన ఫీజు వాపసు చేయకపోవడం, సర్టిఫికెట్లు పట్టి ఉంచడం, రిజర్వేషను ఉల్లంఘన, ఉపకారవేతనాల జాప్యం, పరీక్షలూ ఫలితాలూ ప్రకటించిన కాలం దాటిపోవడం, మూల్యాంకనంలో పారదర్శకత లేకపోవడం, వివక్ష మొదలైనవన్నీ ఫిర్యాదు చేయదగినవే.

రిజర్వేషను విషయంలో మన విద్యార్థులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. రాజ్యాంగంలోని 371-జె అధికరణం కింద హైదరాబాదు కర్ణాటక ప్రాంతానికి ప్రత్యేక సదుపాయాలు ఉన్నాయి. 2019 నుంచి ఆ ప్రాంతాన్ని కల్యాణ కర్ణాటక అంటున్నారు. బళ్లారి నిజాం పాలనలో లేకపోయినా అందులో చేరింది. ఆ సదుపాయానికి ఆధారం పుట్టుక, స్థిరనివాసం. మాతృభాష ప్రసక్తి అందులో లేదు. బళ్లారిలో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థి కన్నడ విద్యార్థితో సమానంగా స్థానికుడే. ఇంట్లో తెలుగు మాట్లాడతారన్న కారణంతో ఎవరైనా అభ్యంతరం చెబితే, అది నేరుగా ఫిర్యాదు అంశమవుతుంది.

ఎవరికి, ఎన్నాళ్లలో?

మొదటి మెట్టు సంస్థలోనే ఉండే విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార సంఘం. దీనికి ఒక ఆచార్యుడు అధ్యక్షుడు. మరి నలుగురు ఆచార్యులు లేక సీనియర్ అధ్యాపకులు సభ్యులు. ఒక విద్యార్థి ప్రతినిధి ప్రత్యేక ఆహ్వానితుడు. సభ్యుల్లో గాని అధ్యక్ష స్థానంలో గాని కనీసం ఒక మహిళ, షెడ్యూల్డు కులాలు, తెగలు, ఇతర వెనుకబడిన తరగతుల నుంచి కనీసం ఒకరు ఉండాలి. విద్యార్థి స్వయంగా హాజరు కావచ్చు, తన తరఫున మరొకరిని పంపవచ్చు. ఫిర్యాదు అందిన నాటినుంచి సాధ్యమైనంతవరకు 15 పనిదినాల్లో సంఘం తన నివేదికను అధికారులకు పంపి, ప్రతిని విద్యార్థికి ఇవ్వాలి.

రెండవ మెట్టు ఆంబుడ్స్‌పర్సన్. మాజీ ఉపకులపతి, అనుభవజ్ఞుడైన విశ్రాంత ఆచార్యుడు, మాజీ జిల్లా న్యాయమూర్తి వంటివారిని విశ్వవిద్యాలయం ఈ పదవిలో నియమిస్తుంది. అనుబంధ కళాశాలల విద్యార్థుల అప్పీళ్లూ ఆయన వద్దకే వస్తాయి. సంఘం నిర్ణయం చేతికి అందిన 15 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. 30 రోజుల్లో పరిష్కరించడానికి ఆయన ప్రయత్నించాలి. మొదటి మెట్టు ఎక్కకుండా రెండవ మెట్టు ఎక్కడానికి వీల్లేదు. గడువు అధికారులకే కాదు, మనకూ ఉందని గుర్తుంచుకోవాలి.

ఈ రెండూ దాటాక మిగిలేది 226 అధికరణం కింద హైకోర్టు. బళ్లారి జిల్లా కర్ణాటక హైకోర్టు ధార్వాడ పీఠం పరిధిలోకి వస్తుంది.

మార్కుల సంగతి

మార్కులు తక్కువ వచ్చాయన్న ఒక్క మాట మీద ఆంబుడ్స్‌పర్సన్ పునర్మూల్యాంకనానికి ఆదేశించరు. ఫలితాన్ని మార్చేటంత అక్రమం గాని వివక్ష గాని జరిగిందని నిర్దిష్టంగా చూపాలి. నిబంధనల్లో లేని పునర్మూల్యాంకనాన్ని హక్కుగా కోరలేరని 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కనుక పరీక్షా విభాగం ప్రకటించిన గడువులోగా ఫీజు కట్టి, అక్కడ దరఖాస్తు చేయడం మొదటి పని.

మన జవాబుపత్రాన్ని మనం చూసుకునే హక్కు మాత్రం గట్టిది. దిద్దిన జవాబుపత్రం సమాచార హక్కు చట్టం కింద సమాచారమేనని, విద్యార్థి దాన్ని చూడవచ్చు, ధ్రువీకరించిన నకలు పొందవచ్చునని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దిద్దినవారి పేరు చెప్పనవసరం లేదు. పత్రాలు భద్రపరిచే కాలం ముగిస్తే ఈ హక్కూ ముగుస్తుంది, ఆలస్యం చేయకూడదు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, తృప్తికరంగా లేకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషనుకు రెండవ అప్పీలు.

ఏ భాషలో?

రాజ్యాంగం 350వ అధికరణం ఒక విలువైన హక్కు ఇస్తున్నది. తన కష్టం తీర్చమని కేంద్ర, రాష్ట్ర అధికారులకు పెట్టుకునే విన్నపాన్ని, కేంద్రంలో గాని ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సమర్పించవచ్చు. కర్ణాటకలో తెలుగు వాడుకలో ఉన్న భాష. రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలను మౌలిక హక్కుల విషయంలో న్యాయస్థానాలు రాజ్యంలో భాగంగానే చూస్తున్నాయి. కాబట్టి తెలుగులో రాశారన్న కారణంతో అర్జీని తిప్పి పంపడం ఈ అధికరణం స్ఫూర్తికి విరుద్ధమని మా అభిప్రాయం.

అయితే జవాబు కూడా తెలుగులో ఇవ్వాలని ఆ అధికరణం చెప్పదు. సమాచార హక్కు చట్టం సంగతి మరీ వేరు. దాని దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేక ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. బళ్లారిలో ఆ అధికార భాష కన్నడం. రాయలేనివారు నోటితో చెబితే, రాతలో పెట్టడానికి సమాచార అధికారి తోడ్పడాలని చట్టమే అంటున్నది. హైకోర్టు వ్యవహారం సాధారణంగా ఇంగ్లీషులో సాగుతుంది.

ఈ దృష్ట్యా మా సలహా ఇది. కన్నడం గాని ఇంగ్లీషు గాని చక్కగా వచ్చినవారు ఆ భాషలోనే రాయండి. రానివారు తెలుగులో స్పష్టంగా రాసి, కన్నడ అనువాదం జతచేయండి. భాష రాదన్న బిడియంతో గడువు పోగొట్టుకోకండి.

ఒకే మాట, వేరు అర్థం

కన్నడ నోటీసుల్లోని లిపి మనకు తేలికే గాని, కొన్ని మాటలు తప్పుదారి పట్టిస్తాయి. కన్నడంలో ‘కులపతి’ అంటే మనం ఉపకులపతి అనేవారు. గవర్నరు నిర్వహించే పదవి ‘కులాధిపతి’. ‘కులసచివ’ అంటే రిజిస్ట్రారు. ‘కులసచివ (మౌల్యమాపన)’ అంటే మూల్యాంకనం చూసే రిజిస్ట్రారు. పరీక్షల అర్జీ వారికే చేరాలి. ‘దూరు’ అంటే తెలుగులో నింద, కన్నడంలో ఫిర్యాదు. ‘పరిహార’ అంటే మనకు నష్టపరిహారమే స్ఫురిస్తుంది. అక్కడ పరిష్కారమనే అర్థమూ ఉంది. ‘కుందుకొరతె’ అంటే ఇబ్బందులు, లోటుపాట్లు. సంఘం పేరులో ఈ మాట వెతకండి. ‘మేల్మనవి’ అంటే పై మనవి, అనగా అప్పీలు. ‘మరుఎణికె’ అంటే మార్కుల మళ్లీ లెక్కింపు. ‘మరుమౌల్యమాపన’ అంటే పునర్మూల్యాంకనం. ఈ రెంటికీ ఫీజు, ఫలితం వేరు. ‘అర్జీ’, ‘మనవి’, ‘గడువు’ మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

ఎలా రాయాలి?

మన అర్జీల భాష పూర్వంనుంచి వేడుకోలు భాష. ‘తమరు దయతలచి’ అని మొదలై ‘కనికరించగలరు’ అని ముగుస్తుంది. మధ్యలో జరిగిందేమిటో కనబడదు. పరీక్ష రాసిన విద్యార్థికి ఫలితంలో గైర్హాజరు అని వచ్చిందనుకుందాం. అతడు రాయవలసింది నాలుగు మాటలు: ఫలానా తేదీన ఫలానా పత్రం రాశాను, హాజరుపట్టీలో నా సంతకం ఉంది, ఫలితంలో గైర్హాజరని చూపారు, హాజరుపట్టీ పరిశీలించి ఫలితం సవరించాలని కోరుతున్నాను. హాల్‌టికెట్టు నకలు జతచేసి, రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదానిమీద అందినట్లు ముద్ర, తేదీ వేయించుకోవాలి. కన్నడంలో దాన్ని ‘స్వీకృతి’ అంటారు. ఆన్‌లైనులో పంపితే ఆ నమోదు సంఖ్య రాసిపెట్టుకోవాలి.

మర్యాదకు ఒక ‘అయ్యా’ చాలు. పైమెట్టు అధికారి చూసేది తేదీ, నిబంధన, రుజువు. ఆ మూడూ కాగితం మీద ఉంటే, అది ఏ ఇంటి భాషలో పుట్టిన అర్జీ అయినా అప్పీలు దాకా నిలబడుతుంది.