జిరాక్స్ షాపులో దొరికిన మనిషి

అమీర్‌పేట హాస్టల్లో మా గదికి ఆరుగురం. అయినా రోజు మొత్తంలో నేను నోరు తెరిచేది టిఫిన్ చెప్పడానికే.

మాది జుక్కల్. మహారాష్ట్ర, కర్ణాటక రెండూ పక్కనే. సంతకు పోతే తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినిపిస్తాయి. కొత్త మనిషి కనబడితే ‘ఏ ఊరు?’ అని అడగడం మా దగ్గర మామూలు పలకరింపు. మైత్రీవనం దగ్గర ఎవరూ అడగరు. నా యాస విని నవ్వుతారేమోనని నేనూ అడగలేదు. గదిలో అందరిదీ అదే జావా కోర్సు, అదే భయం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం ‘మంచిగున్నమ్మా’ అనేవాణ్ని.

రెండు నెలల్లో అరవై చోట్ల అప్లై చేశా. ఒక్క మెయిలూ రాలేదు. నేనే పనికిరానని డిసైడ్ అయిపోయా.

ఒకరోజు జిరాక్స్ షాపులో ప్రింటు కోసం నిలబడి, మా అత్తతో మరాఠీలో మాట్లాడుతున్నా. పక్కనున్నాయన ‘దెగ్లూర్ దిక్కా తమ్మీ?’ అన్నాడు. కాదు, జుక్కల్ అన్నా. మాటల్లో నా రెజ్యూమె తీసుకుని చూశాడు. ‘ఈ మెయిల్ ఐడీ ఏంది?’ చూస్తే జీమెయిల్ స్పెల్లింగులో రెండక్షరాలు తారుమారు! ఫోన్ నంబరు కూడా పాతదే ఉంది. నా రూమ్మేట్లు ఆ కాగితం ఎన్నోసార్లు చూశారు. అందరివీ ఒకే ఫార్మాట్, ఎవరు చదువుతారు?

అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన వ్యాసం తర్వాతెప్పుడో చదివా. తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన అడిగితే, ఆ తెలిసిన మనిషిని తరచూ కలుస్తామన్నవాళ్లు 16.7 శాతమే. మిగతావాళ్లకు అప్పుడప్పుడో, అరుదుగానో కనబడే మనుషులే దారి చూపారు. మన దోస్తులకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసినవేగా! అది చిన్న సర్వేనే. కానీ 2022లో లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద చేసిన అధ్యయనం కూడా దాదాపు అదే చెప్పింది. కాకపోతే మరీ ముక్కూమొహం తెలియనివాళ్ల కంటే, కొద్దిగా పరిచయం ఉన్నవాళ్లే ఎక్కువ పనికొచ్చారట.

కాబట్టి చిక్కడపల్లి లైబ్రరీలో రోజూ మీ ఎదుట కూర్చునే అబ్బాయిని ‘ఏ ఎగ్జామ్‌కి?’ అని అడగండి. మెస్‌లో, మెట్రోలో అయినా సరే. మొదటిసారి గొంతు తడారుతుంది, నాకూ అంతే. అయితే ‘బ్యాక్‌డోర్ జాబ్ ఉంది, ఇంత కట్టు’ అనేవాళ్లు కూడా ఇలాగే మాట కలుపుతారు. డబ్బు మాట రాగానే లేచి వచ్చేయండి.

మెయిల్ ఐడీ సరిచేసిన మూడో వారంలో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఉద్యోగం మాత్రం నాలుగో కంపెనీలో దొరికింది. ఆయనకు చెబుదామని ఆ షాపుకు రెండుసార్లు వెళ్లా. పేరు అడగలేదు కదా. ‘రోజుకు వందమంది వస్తరు, ఎవరని చెప్పాలె?’ అన్నాడు షాపతను, నా తర్వాతివాడి కాగితాలు అందుకుంటూ.