వంతుల మధ్య వృద్ధాప్యం: అపోహలు – వాస్తవాలు

మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండు. నాందేడ్ పోయే జాతీయ రహదారి మీద పెద్దశంకరంపేట, రామాయంపేట వైపు చిన్నశంకరంపేట. రెండు చోట్లా కథ ఒకటే. కొడుకు పటాన్‌చెరు కంపెనీలోనో హైదరాబాద్‌లోనో దుబాయిలోనో ఉంటాడు. బిడ్డ అత్తగారింట్లో ఉంటుంది. ఇల్లు, నాలుగెకరాల చేను, మోకాళ్ల నొప్పులు అమ్మానాన్నలకు మిగులుతాయి. ఇద్దరిలో ఒకరు పోయేదాకా ఎలాగో నెట్టుకొస్తారు. ఆ తర్వాతే అసలు ప్రశ్న మొదలవుతుంది.

అప్పుడు ఎవరైనా వృద్ధాశ్రమం మాట ఎత్తారా, అది ఇంటి పరువు మాట అయిపోతుంది. ‘అవ్వను ఆశ్రమంల ఏసిండట’ అని నలుగురూ అనుకుంటారన్న భయంతో ఇంట్లో ఆ చర్చే జరగదు. ముసలివాళ్లను ఎక్కడ ఉంచాలన్నది నిజానికి రెండో ప్రశ్న. రోజూ వాళ్లకు ఏయే పనుల్లో సాయం కావాలి, ఆ సాయం ఎవరు చేస్తారు అన్నది మొదటిది. దాన్ని దాటవేయడం వల్లే కింది అపోహలు ఇన్నాళ్లు బతికి ఉన్నాయి.

అపోహ: వృద్ధాశ్రమమంటే దిక్కులేనివాళ్ల చోటు. అన్నీ ఒకటే.

వాస్తవం: ఆదరువు లేనివాళ్లకు ఉచితంగా తిండి, పడక ఇచ్చే ఆశ్రమాలు ఒక రకం. వీటిలో కొన్నింటికి కేంద్రం అటల్ వయో అభ్యుదయ యోజన కింద స్వచ్ఛంద సంస్థల ద్వారా గ్రాంటు ఇస్తుంది. డబ్బు కట్టి ఉండేవి ఇంకో రకం, వాటిలోనూ తేడాలున్నాయి. ఒంట్లో ఓపిక ఉండి, వంట, కరెంటు బిల్లుల బాధ వద్దనుకునేవాళ్ల కోసం కట్టిన కాలనీలు కొన్ని. స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి, వేళకు మందులు వేసుకోవడానికి మనిషి సాయం ఇచ్చేవి కొన్ని. హైదరాబాద్‌లో అసిస్టెడ్ లివింగ్ అంటున్నది వీటినే. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు, మంచం పట్టినవాళ్లకు నర్సులతో నడిచేవి వేరు. పగలంతా ఉంచుకొని సాయంత్రం ఇంటికి పంపే డే కేర్ కేంద్రాలు ఇంకా వేరు.

వీటిలో ఏది కావాలో తేల్చడానికి 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం ప్రచురించిన కొలమానం ఇప్పటికీ పనికొస్తోంది. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీద నుంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. ఈ ఆరింటిలో అమ్మ ఎన్ని సొంతంగా చేసుకోగలుగుతోంది? ఆరూ చేసుకుంటుంటే ఆమెకు కావలసింది తోడు. ఒకటి రెండు తప్పుతుంటే మనిషి సాయం. సగమో అంతకు మించో తప్పితే పగలూ రాత్రీ కనిపెట్టుకొని ఉండే మనిషి.

అపోహ: ఇంట్లో ఉన్నారంటే క్షేమంగా ఉన్నట్టే.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల జరిగే నష్టం మిగతావన్నీ కలిపినా ఉండదని నా అభిప్రాయం. ముసలివాళ్లు పడిపోయేది చాలావరకు ఇంట్లోనే. తడి బాత్రూము, ఎత్తు గడప, రాత్రి చీకట్లో పెరటి దొడ్డికి నడక. తుంటి ఎముక విరిగితే చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. పడిపోకుండా చూసే మందు ఆస్పత్రిలో లేదు, ఇంట్లోనే ఉంది. దొడ్డిలో పట్టుకోవడానికి గోడకు ఒక ఇనుప కడ్డీ, కూర్చుని లేవడానికి కమోడ్, మంచం నుంచి దొడ్డి దాకా రాత్రంతా ఒక చిన్న లైటు, కాలికి జారని చెప్పులు. ఒక పండుగకు పెట్టే బట్టల ఖర్చుకు అటూఇటూగా అయిపోయే పనులివి.

మంచం పట్టిన మనిషిని చూసుకోవడానికి ప్రేమ ఒక్కటే చాలదు, పని తెలియాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. పడుకోబెట్టే జావ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. లేపి కూర్చోబెట్టి, ఒక్కో చెంచా మింగాక ఇంకోటి పెట్టాలి. ఇవి ఎవరూ నేర్పకుండానే కోడలికి వచ్చేస్తాయని అనుకుంటాం. ఆమె పొద్దంతా బీడీలు చుట్టి, వంట చేసి, పిల్లలను బడికి పంపి, రాత్రి అత్తను రెండు గంటలకోసారి తిప్పాలి. ఏడాది గడిచేసరికి జబ్బుమనుషులు ఇద్దరవుతారు. ఆమె విసుక్కుందని ఊరు తప్పుపడుతుంది గానీ, ఆ ఏడాదిలో ఆడబిడ్డ గానీ మరిది గానీ వచ్చి వారం రోజులు ఆమెకు సెలవు ఇచ్చారా అని ఎవరూ అడగరు.

‘నెలవంతులు’ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అన్నదమ్ములు తలా ఒక నెల చొప్పున అమ్మను పంచుకోవడం మన ఊళ్లలో న్యాయమైన ఏర్పాటుగా చెలామణి అవుతోంది. న్యాయం అన్నదమ్ములకు సరే, అమ్మ సంగతేమిటి? నెలకోసారి మంచం మారుతుంది, దొడ్డి మారుతుంది, మందుల సంచి ఒక ఇంట్లో మరిచిపోయి ఇంకో ఇంటికి వెళ్తుంది. మతిమరుపు మొదలైన మనిషికైతే ప్రతి మార్పూ కొత్త అయోమయం. రాత్రి లేచి, పాత ఇంట్లో దొడ్డి ఎటు ఉండేదో అటు నడుస్తుంది. వంతులు వేసుకోవలసింది మనిషిని కాదు, ఖర్చును, చాకిరీని. అమ్మ ఒక్కచోటే ఉండి, కొడుకులూ బిడ్డలూ వంతులవారీగా వచ్చిపోతే ఆమెకు సగం బాధ తగ్గుతుంది.

అపోహ: ముసలితనంలో చాదస్తం మామూలే. డాక్టరు దేనికి?

వాస్తవం: 2017–18లో దేశవ్యాప్తంగా జరిగిన వృద్ధుల సర్వేకు అనుబంధంగా సాగిన పరిశోధన, 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని అంచనా వేసింది. దాదాపు 88 లక్షల మంది. అడిగిందే అడగడం, అన్నం తిని తినలేదనడం, నగలు ఎత్తుకుపోయారని కోడలిని అనుమానించడం జబ్బు లక్షణాలు కావచ్చు, పొగరు కాకపోవచ్చు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కొన్ని రకాల మందులు కూడా ఇలాంటి మతిమరుపును తెచ్చిపెడతాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. పరీక్ష చేయించకుండా చాదస్తమని కొట్టిపారేస్తే, నయమయ్యే అవకాశాన్ని కూడా పోగొట్టుకున్నట్టే.

అపోహ: పట్టా చేసి ఇచ్చేశాక ఏమీ చేయలేం.

వాస్తవం: దీనికి రెండు ముఖాలున్నాయి. చట్టం ఉంది కాబట్టి ఎప్పుడైనా భూమి వెనక్కి వచ్చేస్తుందన్న ధీమా కూడా అంతే పొరపాటు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిస్తే, రాయించుకున్నవాళ్లు ఆ మాట తప్పినప్పుడు ఆ బదిలీని మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టు భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చని దాని 23వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ ప్రాణమంతా ఆ షరతులో ఉంది. అలాంటి షరతు ఉన్నట్టు చూపలేకపోతే ఈ సెక్షన్ వర్తించదని సుదేశ్ ఛికారా కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి 2న ఉర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం తల్లికి ఊరట దొరికింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఆ తల్లి కొడుకుకు దానపత్రం రాసిచ్చినప్పుడు, చివరిదాకా చూసుకుంటానని కొడుకు విడిగా ఒక వాగ్దాన పత్రం రాశాడు. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలంటూ కోర్టు ఆ దానాన్ని రద్దు చేసి, ఆస్తిని తల్లికి తిరిగి అప్పగించమంది.

మన దగ్గర భూమి చేతులు మారడానికి ఒక ప్రత్యేకమైన తొందర ఉంటుంది. రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల వరకే. నాన్నకు అరవై దగ్గర పడగానే, కొడుకు పేరు మీద కొంత భూమి ఉంటే 5 లక్షల బీమా ఉంటుంది కదా అని పట్టా మారుస్తారు. దాంతోపాటే రైతు భరోసా డబ్బూ కొడుకు ఖాతాకు మళ్లుతుంది. నాన్న చేతిలో ఏమీ మిగలదు. మార్చవద్దని నేను అనను. మార్చేటప్పుడు తహసీల్దార్ ఆఫీసులో గానీ, ఇల్లైతే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర గానీ, ‘మా ఇద్దరినీ బతికినంత కాలం తిండి, బట్ట, వైద్యంతో చూసుకోవాలన్న షరతుపై’ అన్న వాక్యాన్ని దస్తావేజులోనే రాయించండి. సొంత కొడుకుతో షరతేమిటని మొహమాటపడే తల్లిదండ్రులే ఎక్కువ. ఆ ఒక్క వాక్యానికి కొడుకు అలిగితే, పట్టా మార్చకపోవడానికి అదే తగిన కారణం.

అపోహ: కొడుకు మీద కేసంటే వకీలు, ఏళ్లకేళ్లు కోర్టు మెట్లు.

వాస్తవం: ఈ చట్టం కింద పోయేది కోర్టుకు కాదు, ట్రిబ్యునల్‌గా వ్యవహరించే ఆర్డీవో దగ్గరికి. పెద్దశంకరంపేట వాళ్లకైతే మెదక్ ఆర్డీవో ఆఫీసు. వకీలు అక్కర్లేదు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. చట్టంలో ఉన్న పరిమితి ప్రకారం నెలకు 10,000 రూపాయల దాకా భత్యం ఇప్పించవచ్చు. తిరగలేని మనిషి తరఫున వేరొకరు గానీ స్వచ్ఛంద సంస్థ గానీ దరఖాస్తు పెట్టవచ్చు. వృద్ధులను వదిలించుకోవాలని ఎక్కడైనా విడిచిపెట్టి పోతే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

అపోహ: పెళ్లయిన బిడ్డకు బాధ్యత లేదు.

వాస్తవం: 2007 చట్టంలో కొడుకు, బిడ్డ, మేజర్లయిన మనవలు, మనవరాళ్లు అందరూ సమానమే. అంతకు ఎంతో ముందు, 1987లోనే, పెళ్లయిన కూతురు కూడా తండ్రిని పోషించాలని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరోవైపు, చాకిరీ అంతా మోసే కోడలు ఈ చట్టం చెప్పే ‘పిల్లల’ లెక్కలోకి రాదు. అల్లుడింటి అన్నం తినరాదన్న పట్టింపుతో బిడ్డ దగ్గర సుఖంగా ఉండగల తల్లులు ఒంటరిగా మగ్గిపోవడం నాకు అన్నింటికంటే బాధ కలిగించే విషయం.

అపోహ: ఆరోగ్యశ్రీ, పింఛన్ ఉన్నాయి. ఖర్చు గడిచిపోతుంది.

వాస్తవం: ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. 70 నిండినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ భారత్ రక్షణను కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. ఇవి ఆస్పత్రి చికిత్సకు. ఇంటికొచ్చాక స్నానం చేయించే మనిషి జీతానికి గానీ, హోమ్ ఫీజుకు గానీ పనికిరావు. ఆసరా పింఛన్ 2019లో 2,016 రూపాయలైంది, అంటే రోజుకు 67. జపాన్‌లో 40 దాటిన ప్రతి ఒక్కరి నుంచి ప్రీమియం తీసుకొని ముసలితనంలో ఇంటికి మనిషిని పంపే బీమా 2000 నుంచి నడుస్తోంది. మనకు అలాంటిది లేదు కాబట్టి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ నెలనెలా తలా ఇంత అని ఒక ఉమ్మడి ఖాతాలో వేయడం ఇప్పటికి ఉన్న దారి.

అపోహ: అమెరికాలో ముసలివాళ్లంతా ఆశ్రమాల్లోనే ఉంటారు.

వాస్తవం: అక్కడ 65 దాటినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఇళ్లలోనే ఉంటారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా అసిస్టెడ్ లివింగ్ అద్దె కట్టదు.

అపోహ: పెద్ద బోర్డు ఉంది, ఫీజు కడుతున్నాం. ఇక ప్రభుత్వం చూసుకుంటుంది.

వాస్తవం: ఇలాంటి హోమ్‌లకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేయాలన్న సవరణ బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది, చట్టం కాకుండానే కాలం చెల్లింది. జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి సరిపడా ఆశ్రమం అన్న మాట 2007 చట్టంలో ఉన్నా, దానికి గడువేమీ పెట్టలేదు. అందువల్ల చూసుకోవలసింది మనమే.

చెప్పి వెళ్లకండి. ఒకసారి మధ్యాహ్నం భోజనాల వేళ, మరోసారి చీకటి పడ్డాక వెళ్లండి. హాలు కాదు, దొడ్లు చూడండి. రాత్రిపూట ఎంతమందికి ఎందరు పనివాళ్లున్నారో అడగండి, ఆ పనివాళ్లనే అడగండి. మందులు ఎవరు ఇస్తారు, ఎక్కడ రాసుకుంటారు? అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే ఏ ఆస్పత్రికి, ఏ బండిలో తీసుకుపోతారు? డిపాజిట్ ఎంత, మధ్యలో వెళ్లిపోతే ఎంత తిరిగిస్తారు, మనిషి మంచం పడితే ఉంచుకుంటారా పంపేస్తారా? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఫలానా రోజునే కలవాలని ఆంక్షలు పెట్టే చోట అమ్మను వదలకండి. అన్నిటికన్నా ముందు, ఆమెను తీసుకెళ్లి చూపించండి. పది రోజులు ఉండి చూసి వద్దంటే వెనక్కి తీసుకురావడానికి సిద్ధంగా ఉండండి. పిల్లలు పెట్టిన ముహూర్తానికి సంచి సర్దించి కారెక్కించడం వేరు, ఆమె ఒప్పుకొని వెళ్లడం వేరు. ఊరు తప్పుపట్టవలసింది మొదటిదాన్ని.

ఈ దసరాకు పిల్లలంతా ఇంటికి వచ్చినప్పుడు, అమ్మానాన్నలు ఇంకా తమ పని తాము చేసుకోగలుగుతున్నప్పుడే, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని అడగండి: రేపు కాలు కదలకపోతే ఎక్కడ ఉంటారు, ఎవరి చేత చేయించుకుంటారు? వాళ్లు చెప్పింది రాసిపెట్టుకోండి. అడిగేవాళ్లే లేని పెద్దలు 14567కు ఫోన్ చేయవచ్చు. వృద్ధుల కోసం నడుస్తున్న ఎల్డర్‌లైన్ అది, ఫోన్‌కు ఖర్చు కాదు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెలుగులోనే మాట్లాడతారు.