ఏ పని ఏ యంత్రమునకు? ఏ చోట?

మెదక్ పట్టణమునకు పేరు తెచ్చిన కట్టడములలో పెద్ద చర్చి ఒకటి. చార్లెస్ వాకర్ పాస్నెట్ పర్యవేక్షణలో 1914లో మొదలైన ఆ నిర్మాణము ముగిసి, 1924 డిసెంబరు 25న చర్చి ప్రతిష్ఠింపబడినది. కరవు కాలమున జనులకు పని దొరకవలెనను తలంపు కూడ దాని వెనుక ఉండెను. గోడలు లేపినవారు రాతిపనివారు. రంగుటద్దముల కిటికీలను మాత్రము ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించెను. రాయి చెక్కు మనిషిని అద్దపు పనికి పెట్టుట కుదరదు. అట్లే, ఏ కట్టడమునందైనను రెండు జట్లవారు ఒకే తొట్టిలో వేర్వేరు పాళ్ళతో సున్నము కలిపినచో రెండు గోడలును చెడును. కాబట్టి ప్రతి పెద్ద పనికిని రెండు ప్రశ్నలు తప్పవు: ఈ పని ఎవరు చేయవలెను? ఎక్కడ చేయవలెను?

మెదక్‌నుండి సుమారు నూరు కిలోమీటర్ల దూరమునగల హైదరాబాదులో నేడు మరొక విధమైన నిర్మాణము రేయింబవళ్ళు సాగుచున్నది. అది సాఫ్ట్‌వేరు నిర్మాణము. 1998లో అక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైనది. అదే యేట మైక్రోసాఫ్టు సంస్థ తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినది. ఇట్టి సంస్థలలో ప్రోగ్రామరు వ్రాయునది మనుష్యులు చదువదగిన భాషలో ఉండును. దానిని యంత్రభాషలోనికి మార్చి, కావలసిన ఇతర భాగములను జతపరచి, పరీక్షించి, ఒక మూటగా కట్టినగాని అది సెల్‌ఫోనులోనో, బ్యాంకు కంప్యూటరులోనో పనిచేయదు. ఈ క్రియనే ‘బిల్డు’ అందురు.

ఒకే ప్రోగ్రామును పలువురు దిద్దుచున్నపుడు ఒకరి మార్పు మరొకరి భాగమును చెరచవచ్చును. ఆ తప్పు వెంటనే బయటపడవలెనన్నచో మార్పు జరిగిన ప్రతిసారియు బిల్డు జరుగవలెను. దినమునకు వందలకొలది బిల్డులను మనుష్యులు చేతితో జరుపుట అసాధ్యము. అందుచే పనులను పంచు ప్రోగ్రాములు పుట్టినవి. 2004లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో కోసుకే కవాగుచి అను జపాను దేశీయుడు ‘హడ్సన్’ అనుదానిని ప్రారంభించెను. 2011లో దానికి ‘జెంకిన్స్’ అను పేరు వచ్చినది.

జెంకిన్స్ ఒక మేస్త్రివంటిది. వచ్చిన పనులను అది వరుసలో నిలుపును. దాని క్రిందనున్న ప్రతి యంత్రమునకు ‘లినక్స్’, ‘విండోస్’, ‘మ్యాక్’ మొదలగు చీటీలుండును. తనకు ఏ చీటీగల యంత్రము కావలెనో ప్రతి పనియు తెలుపును. ఆండ్రాయిడు ఫోను ప్రోగ్రాము లినక్స్ యంత్రముపై తయారగును. ఐఫోను ప్రోగ్రామునకు ఆపిల్ వారి మ్యాక్ కావలెను. అంతేకాక, ఒక్కొక్క యంత్రము ఏకకాలమున ఎన్ని పనులు చేయవచ్చునో ముందే నిర్ణయింతురు. ఆ సంఖ్య నాలుగైనచో అయిదవ పని ఆగవలసినదే. పది లినక్స్ యంత్రములు ఊరకయున్నను, మ్యాక్ ఖాళీ లేనిచో ఐఫోను పని వరుసలోనే నిలిచియుండును.

ఖాళీ దొరికిన వెంటనే వరుసలోని తరువాతి పనిని ఇచ్చుట న్యాయముగనే తోచును. కాని అది ఎల్లపుడును వేగమైన పద్ధతి కాదు. మూడు యంత్రములు, ఏడు పనులు ఉన్నవనుకొందము. ఆరు పనులకు పదేసి నిమిషములు, ఒకదానికి 30 నిమిషములు పట్టును. చిన్నవానిని ముందు పంచినచో 20 నిమిషములలో అవి ముగియును. అప్పుడు మొదలిడిన పెద్దపని 50వ నిమిషమునకు ముగియును. పెద్దపనిని మొదటనే ఒక యంత్రమునకిచ్చి, చిన్నవానిని మిగిలిన రెంటికి మూడేసి చొప్పున పంచినచో అన్నియు 30 నిమిషములకే ముగియును. ఇట్టి పంపకములో నష్టము ఎంతవరకు పోగలదో 1966లో అమెరికా గణితజ్ఞుడు రొనాల్డ్ గ్రాహమ్ లెక్కగట్టెను. ఒకదానిపై ఒకటి ఆధారపడని సమాన యంత్రములు మూడున్నపుడు పట్టు కాలము అత్యుత్తమ కాలమునకు 5/3 రెట్లు మించదు. పై ఉదాహరణ సరిగా ఆ హద్దుమీదనే ఉన్నది.

యంత్రము దొరికినది, ఇక చోటు సంగతి. ప్రతి బిల్డునకు డిస్కులో ఒక ఫోల్డరు ఇత్తురు. అదే దాని పనిచోటు. ప్రయోగశాలలో కడుగని పరీక్షనాళిక ఎట్టిదో, పాత ఫైళ్ళున్న పనిచోటు అట్టిది. ఒక ప్రోగ్రామరు అవసరమైన ఫైలును పొరపాటున తొలగించెననుకొందము. దాని పాత ప్రతి ఆ ఫోల్డరులో మిగిలియున్నచో బిల్డు విజయవంతమైనట్లే కనబడును. మరొక యంత్రముపై విఫలమగును. రెండు బిల్డులు ఒకే ఫోల్డరున ఒకేసారి నడచినచో ఒకదాని ఫైళ్ళు రెండవదానిలో కలిసిపోవును. నిలిచిపోయిన బిల్డుకంటె తప్పుగా ‘గెలిచిన’ బిల్డు ప్రమాదకరము.

అందుచే ఒకే పని ఒకే యంత్రముపై రెండవసారి సమాంతరముగా మొదలైనచో జెంకిన్స్ దానికి చివర ‘2’ సంఖ్య చేర్చిన వేరొక ఫోల్డరును ఇచ్చును. మరొకవైపు, వీలైనంతవరకు ఒక పనిని అది మునుపు నడచిన యంత్రమునకే పంపుటకు చూచును. అక్కడి ఫైళ్ళు చాలవరకు సిద్ధముగ ఉండుటచే కాలము కలిసివచ్చును. ఇక్కడనే చిక్కున్నది. పాతచోటు త్వరితము, కాని మలినము కావచ్చును. కొత్తచోటు శుభ్రము, కాని అన్నియు మొదటినుండి తెచ్చుకొనవలెను. పగలు జరుగు బిల్డులకు పాతచోటును, ప్రజలకు అందించు తుది ప్రతికి ఖాళీచోటును వాడుట ఒక మధ్యేమార్గము.

ఈ శుభ్రత విలువ 2020 డిసెంబరులో లోకమునకు తెలిసినది. అమెరికాలోని సోలార్‌విండ్స్ సంస్థ ‘ఓరియన్’ ప్రోగ్రామును బిల్డు చేయు యంత్రములోనికి చొరబాటుదారులు దుష్ట ప్రోగ్రామును ప్రవేశపెట్టిరి. బిల్డు మొదలగుటతోనే అది ఒక ఫైలును మార్చి, ముగిసిన పిదప అసలు ఫైలును యథాస్థానమున ఉంచెను. ప్రోగ్రామరులు వ్రాసిన ప్రతిలో దోషము కనబడలేదు. తయారైన మూటపై సంస్థవారి ముద్రయు ఉన్నది. సుమారు 18,000 వరకు సంస్థలు ఆ ప్రతిని స్థాపించుకొని యుండవచ్చునని సోలార్‌విండ్స్ వారే తెలిపిరి.

తగిన యంత్రము దొరకనిచో పని ఆలస్యమగును. ఆ నష్టము గడియారమున కనబడును. తగిన చోటు దొరకనిచో ఫలితమే అబద్ధమగును. ఆ నష్టము దానిని నమ్మి వాడినవారికి గాని తెలియదు. పనులు పంచువారు మొదటి ప్రశ్నతో తృప్తిపడక రెండవదానిని కూడ అడుగవలసియుండుట ఇందుకే.