చదివితే పురుగు చావదు

ప్లేస్‌మెంట్లు దగ్గర పడేకొద్దీ మన హాస్టల్లో 'అటామిక్ హ్యాబిట్స్', 'డీప్ వర్క్' గది గదికీ తిరుగుతుంటాయి. రెండూ మంచి పుస్తకాలే. కానీ చదివిన రాత్రి ఒక చిత్రం జరుగుతుంది. రేపట్నుంచి ఐదింటికి లేవాలని అనుకోగానే సగం పని అయిపోయినంత తృప్తి వచ్చేస్తుంది, ఒక్క ప్రోగ్రాం రాయకపోయినా సరే! ఈ తృప్తి ఎందుకు ప్రమాదమో తెలియాలంటే మా వైపు పత్తి, మిరప చేలు చూడాలి.

మాది పర్చూరు వైపు. ఇక్కడ సలహాలకు కరువు లేదు. గుంటూరు పక్కనే లాం ఫారం ఉంది. పురుగుమందుల కొట్లో అయితే అడక్కుండానే చెబుతారు. అయినా 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. విచ్చలవిడిగా మందులు కొట్టడం అందుకు ఒక కారణం. దోమను తినే మిత్రపురుగులు కూడా ఆ మందులకు చచ్చాయి. అప్పులపాలైన రైతులు కొందరు 1987-88లో ప్రాణాలు తీసుకున్నారు.

తర్వాత వచ్చిన మంచి పద్ధతుల్లో ఒకటి పొలంబడి. 1989లో ఇండోనేషియా వరి చేలల్లో మొదలైంది. 1999లో ఎఫ్‌.ఎ.ఓ., యూరోపియన్ యూనియన్ కలిసి ఆసియాలో పత్తికి చేపట్టిన కార్యక్రమం ద్వారా మన దేశంలోనూ నడిచింది.

ఇందులో పాతిక ముప్పైమంది రైతులు పంటకాలమంతా వారానికోసారి పొద్దున్నే చేలో కలుస్తారు. జట్లుగా విడిపోయి, కొన్ని మొక్కలు ఎంచుకుని, ఆకు తిప్పి చూసి శత్రుపురుగులెన్ని, మిత్రపురుగులెన్ని లెక్కపెడతారు. చూసింది చార్టు మీద బొమ్మ గీస్తారు. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ తర్వాతే, అందరూ వాదించుకుని తేల్చుకుంటారు. పేనుబంక పట్టిన కొమ్మను సీసాలో పెట్టి అక్షింతల పురుగును వదిలి చూస్తారు. ఏది దేన్ని తింటుందో కళ్ళారా చూసినవాడికి మిత్రపురుగుల గురించి ఇంకో కరపత్రం ఎందుకు?

కిటుకంతా ఆ లెక్కలోనే ఉంది. ఆకు తిప్పనివాడు చార్టు నింపలేడు. 'నాకు తెలుసులే' అంటే నలుగురిలో కుదరదు. పైగా సలహా అందరికీ ఒకటే, చేను మాత్రం ఎవరిది వారిదే. 2021లో మిరప పూతలో నల్ల తామరపురుగు కొత్తగా దిగినప్పుడు పాత కరపత్రాల్లో దాని ఊసే లేదు. రోజూ పువ్వు విప్పి చూసేవాడికే అది ముందు కనబడుతుంది.

మన చదువుకూ ఇది పనికొస్తుంది. నలుగురు కలవండి. వారానికో రోజు, గోడ మీద ఒక చార్టు. సొంతంగా చేసిన ప్రాబ్లమ్స్ ఎన్ని? ఎక్కడ ఆగిపోయాం? వచ్చే వారం ఏం మార్చాలి? ఈ మూడు గడులు చాలు. 'చదివిన పేజీలు' అనే గడి మాత్రం పెట్టకండి. మొదటి వారం సున్నా వస్తే సున్నానే వేయండి. ఆగిన చోటు తెలిశాక పుస్తకం తెరిస్తే, అప్పుడు అందులోని సలహా మన చేనికి పనికొస్తుంది.