పల్లె బడులు మూస్తామంటే కొత్త పార్టీ పుట్టింది: గ్వినెద్ కౌన్సిల్ కథ

కౌన్సిల్ ఎన్నికలంటే మనం పెద్దగా పట్టించుకోం కదా? ఈ రోజు నేను చెప్పే కథ వింటే అలా అనరు.

వేల్స్‌లో 1996 నుంచి 22 కౌన్సిళ్లు ఉన్నాయి. బడులు, రోడ్లు, చెత్త, ముసలివాళ్ల సంరక్షణ అన్నీ వాటి చేతుల్లోనే. వాయవ్య వేల్స్‌లోని గ్వినెద్ అందులో ఒకటి. అక్కడ ఆఫీసు పని కూడా వెల్ష్ భాషలోనే నడుస్తుంది.

ప్రజలు సభ్యుల్ని ఎన్నుకుంటారు, సభ్యులు లీడర్‌ని ఎన్నుకుంటారు. లీడర్ ఒక చిన్న క్యాబినెట్‌తో పని నడిపిస్తారు. బడ్జెట్‌కి మాత్రం మొత్తం కౌన్సిల్ ఒప్పుకోవాలి.

ఇది ప్లైడ్ కమ్రీ పార్టీకి కంచుకోట. కానీ పిల్లలు తగ్గిన పల్లె బడుల్ని మూసే ప్లాన్ రాగానే జనం ఊరుకోలేదు. ‘లైస్ గ్వినెద్’, అంటే గ్వినెద్ గొంతు, అని కొత్త పార్టీ పెట్టేశారు. 2008లో ప్లైడ్ మెజారిటీ పోయింది. ఆ పార్టీ అధ్యక్షుడు, పేరున్న గాయకుడు దవిద్ ఇవాన్ కూడా తన కౌన్సిల్ సీటు ఓడిపోయారు!

2022లో మళ్లీ 69 సీట్లలో 44 ప్లైడ్‌కే వచ్చాయి. ఇప్పుడు గొడవంతా ఇళ్ల గురించి. బయటివాళ్లు సెలవుల కోసం ఇళ్లు కొనేస్తుంటే, ఊళ్లో పుట్టిన కుర్రాళ్లకి అందట్లేదు. అందుకే 2023 నుంచి రెండో ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ 150 శాతం అదనం. వెయ్యి కట్టే చోట రెండున్నర వేలన్నమాట.

2022 కౌన్సిల్ ఎన్నికల్లో అక్కడ మొదటిసారి 16 ఏళ్లవాళ్లు కూడా ఓటేశారు. రేపు ఆ ఊళ్లో ఇల్లు వెతుక్కోవాల్సింది వాళ్లే కదా!