డిస్కు నిండితే దేనిని చెరపాలి?

రోజూ వంటకు కావలసిన బియ్యం డబ్బాలోనూ, మిగతావి బస్తాలోనూ ఉంచుతాం కదా! పెద్ద కంప్యూటర్ కేంద్రాలు కూడా సమాచారాన్ని డిస్కులలోనూ, అయస్కాంత టేపులలోనూ రెండంచెలుగా దాస్తాయి.

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రాన్నే తీసుకోండి. అక్కడ ప్రోటాన్లను ఢీకొట్టించి కొలతలు తీస్తారు. 2017 జూన్ 29 నాటికి టేపులలో భద్రపరచిన సమాచారం 200 పెటాబైట్లు దాటింది. ఒక పెటాబైటు అంటే పది లక్షల గిగాబైట్లు!

డిస్కులోని ఫైలును క్షణంలో చదవవచ్చు. కాని దాని ఖరీదు ఎక్కువ. తిరిగినంతసేపూ విద్యుత్తు కావాలి. టేపు చవక; అరలో ఉన్నప్పుడు విద్యుత్తే అక్కరలేదు. అయితే రోబో చెయ్యి దానిని తీసి యంత్రంలో పెట్టాలి, కావలసిన చోటు వచ్చేదాకా టేపు తిరగాలి. అందుకు సమయం పడుతుంది.

అందుచేత ఇలాంటి కేంద్రాలలో కొత్త ఫైలు మొదట డిస్కుకు చేరుతుంది. తరువాత దాని నకలు టేపుకెక్కుతుంది. ఇది ‘తరలింపు’. డిస్కు నిండవస్తే, చాలాకాలంగా ఎవరూ అడగని ఫైళ్ళను డిస్కు మీద మాత్రమే చెరుపుతారు. ఇది ‘తొలగింపు’. మళ్ళీ అవసరమైతే టేపు నుండి తెచ్చుకుంటారు.

ఈ వరుస తప్పరాదు. టేపు మీది నకలు సరిగా ఉన్నదని తేలిన తరువాతే డిస్కు మీది ఫైలును చెరపాలి. ఎందుకంటే, ఒకసారి జరిగిన తాకిడి మళ్ళీ అచ్చంగా అలాగే జరగదు. పోయిన కొలత తిరిగి రాదు!